గిరాకీ ఏ మాటతో వెతుకుతున్నరో ఎట్ల తెలుస్తది?

పుట్టపాక_మగ్గం: అందరికీ నమస్తే. ఇంట్ల నేసిన డబుల్ ఇక్కత్ (పడుగు, పేక రెండింటి నూలుకూ ముందే రంగులద్ది నేసే) చీరలు, తేలియా రుమాలు దుపట్టాలు సొంత సైట్‌ల అమ్ముతున్నం. ధర షోరూం కంటే తక్కువ, అయినా గూగుల్‌ల ఎవ్వరికీ కనబడుతలేం. జనం ఏం టైప్ చేసి వెతుకుతరో పైసలు పెట్టకుంట తెలుసుకునే దారి ఉన్నదా? పేర్లు తెలుగుల రాయాల్నా, ఇంగ్లీషులనా?

పాలమూరు_గానుగ: వాట్సాప్ తెరువు తమ్మీ. అడిగినోళ్లు ఏ మాటతో అడిగిన్రో అదే టైటిల్ పెట్టు. మేం 'గానుగ పల్లి నూనె' అని రాసుకుంటే, హైదరాబాదోళ్లు 'కోల్డ్ ప్రెస్డ్ గ్రౌండ్‌నట్ ఆయిల్ ఫైవ్ లీటర్' అని అడుగుతుండిరి. ఐదు లీటర్ల డబ్బాకు వేరే పేజీ పెట్టినంక ఆర్డర్లన్నీ ఆ పేజీకే. గని కొరియర్‌ల డబ్బా కారుతున్నది, ఏం చెయ్యాలె ఎవరన్నా చెప్పుండ్రి.

డిజిటల్_నల్గొండ: వాట్సాప్ చూస్తే కీవర్డ్ రీసెర్చ్ అయితదా? ఏండ్ల సంది ఇదే పని మీదున్న, వినుండ్రి. గూగుల్ యాడ్స్ ఖాతా తెరిస్తే కీవర్డ్ ప్లానర్ ఉచితం, ఏ మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతున్నరో చూపిస్తది. యాడ్స్‌కు పెద్దగ ఖర్చు పెట్టనోళ్లకు 'వెయ్యి నుంచి పదివేలు' అన్నట్టు అందాజా చూపిస్తది. ఏ మాటను ఎప్పుడు ఎక్కువ వెతికిన్రో చూపే గూగుల్ ట్రెండ్స్‌ల 100 అంటే వంద మంది వెతికిన్రని కాదు, ఆ కాలంల ఆ మాటను అన్నిటికంటే ఎక్కువ వెతికిన సమయం. తెలంగాణ ఒక్కటే ఎంచుకొని ఐదు మాటలు పోల్చొచ్చు. ఇగ చీరలకు 'పోచంపల్లి' లేకుంటే నడవదు. నా క్లయింట్ల ప్రింట్ చీరలకు గూడ అదే పెట్టిస్త.

గద్వాల_కోడలు: ప్రింట్ చీరకు పోచంపల్లి పేరా? నోరెట్ల వచ్చిందన్నా? మా గద్వాలకు 2010ల జీఐ (ఆ ఊరి సరుకుకే ఆ పేరు వాడాలనే చట్టపు గుర్తింపు) వచ్చినా ఇదే గోస. నూలు చీరకు పట్టు అంచు కుప్పడం పెట్టి కలపనీకి ఇద్దరు కూసుంటరు. మిషిన్ సరుకుకు మా పేరు పెట్టి సగం ధరకు అమ్ముతున్నరు.

డిజిటల్_నల్గొండ: 'పోచంపల్లి ప్రింట్' అని రాస్తున్నం అక్కా, అబద్ధమేముంది? జనమే అట్ల వెతుకుతున్నరు.

చిటికి_పని: జనం వెతికితే ఏ పేరన్నా పెడ్తవా? నూలుకు రబ్బరు చుట్టి, రంగుల ముంచి, ఇప్పి, మళ్ల చుట్టి ఇంకో రంగు. ఇదంతా మగ్గం ఎక్కకముందే. చీర తిరగేసి చూడు, ఇక్కత్ రెండు దిక్కుల ఒక్క తీరే ఉంటది, ప్రింటు వెనుక వెలవెలబోతది. ఆ ప్రింటు కొని మోసపోయినామె మా చీరను నమ్ముతదా? జీఐ పేరు అబద్ధంగ వాడితే 1999 చట్టం కింద ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాకా జైలు.

కొల్లాపూర్_తోట: మాకు సీజనే ముఖ్యం. మామిడి ఎండకాలంల వెతుకుతరని మేలో పేజీ పెడితే గూగుల్ ఎక్కించేలోపు పండ్లు అయిపోతయ్. మేం సంక్రాంతి ఎల్లంగనే పెడ్తం.

సూర్యాపేట_షాపు: లొల్లి పక్కకు పెట్టుండ్రి, అడిగినాయనకు జవాబు రాలే. సైట్ ఉన్నది కద, సెర్చ్ కన్సోల్ (గూగుల్‌ల నీ సైట్ ఎట్ల కనబడుతున్నదో చూపే ఉచిత టూల్) కలుపు. పర్ఫార్మెన్స్‌ల క్వెరీలు నొక్కు. ఏ మాటకు నీ పేజీ కనబడ్డది, ఎంతమంది నొక్కిన్రు, 16 నెలల లెక్క దాక ఉంటది. చాలాసార్లు కనబడి, ఎవరూ నొక్కని మాటలు ముందు పట్టుకో. 'ఇక్కత్' లెక్క ఒక్క మాటకు పెద్ద సైట్లతోని పోటీ పడలేవు, మూడు నాలుగు మాటల వెతుకులాట పట్టు. అట్లొచ్చినోళ్లు కొననీకె వస్తరు.

చిటికి_పని: ఆ ప్రింట్ పేజీల నుంచి మా పోచంపల్లి పేరు తీసేస్తవా లేదా, అది చెప్పన్నా.

పుట్టపాక_మగ్గం: సెర్చ్ కన్సోల్ చూసిన. 'డబుల్ ఇక్కత్ సిల్క్ శారీ విత్ బ్లౌజ్' మాటకు కిందెక్కడనో కనబడుతున్నం. మా ప్రతి చీరకు బ్లౌజ్ ముక్క వస్తది, పేజీల ఆ ముచ్చటే లేదు. ఇయ్యాల అన్నిట్ల రాస్తున్న. దుపట్టాలకు తేలియా రుమాలుకు 2020ల జీఐ వచ్చిన సంగతి గూడ పెడ్తున్న, అవి ఆముదం కాయల బూడిద, నూనెల నానేసిన నూలువి. ప్రింట్ల పేజీల మన పేరుండొద్దు, నాది గూడ అదే మాట.

పాలమూరు_గానుగ: డబ్బా సంగతి ఎవ్వరూ చెప్పరా?

సూర్యాపేట_షాపు: మూత కింద ఇండక్షన్ సీల్ (వేడితోని డబ్బా మూతికి అతికే రేకు) వెయ్యి అన్నా.