డీఎన్‌ఎస్ టైమౌట్: ప్రతిసారీ సరిగ్గా 5 సెకన్లే ఆగుతోంది

పోర్టు రోడ్:
విశాఖ పోర్టు దగ్గర మాది క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు. 14 డెబియన్ (లైనక్స్) కంప్యూటర్లు. సోమవారం నెట్ రాకపోకల్ని వడకట్టే కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. అప్పట్నుంచి మా సాఫ్ట్‌వేర్ సర్వర్‌కి కనెక్ట్ అవ్వాలంటే 5 సెకన్లు కదలదు, తర్వాత మామూలే. గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8కి పింగ్ బాగానే వెళ్తోంది. ఓడ కటాఫ్ దగ్గరపడితే టెన్షన్. ఎవరికైనా ఇలా జరిగిందా?

గాజువాక కేబుల్:
పింగ్ వెళ్తే లైను బాగున్నట్టే, సర్వర్ పేర్లకి ఐపీ అడ్రసులు దొరుకుతున్నట్టు కాదండి, అది డీఎన్‌ఎస్ పని. ఆ ప్రశ్నలు ఎక్కువగా యూడీపీ 53 పోర్టు మీద వెళ్తాయి. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్లో యూడీపీ ఆగిపోయి, డేటా పంపే ఇంకో పద్ధతి టీసీపీ మాత్రం వెళ్లేది. డీఎన్‌ఎస్‌ని అడిగి చూసే డిగ్ (dig) కమాండ్ ఒకసారి మామూలుగా, ఒకసారి ప్లస్ టీసీపీతో (+tcp) కొట్టి చూడండి. క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ 1.1.1.1ని కూడా నేరుగా అడగండి.

పోర్టు రోడ్:
అన్నీ 20 మిల్లీసెకన్లలో జవాబిస్తున్నాయి! మరి సాఫ్ట్‌వేర్‌కే ఎందుకు?

మధురవాడ అడ్మిన్:
ఆ 5 సెకన్లలోనే ఉంది విషయం. డీఎన్‌ఎస్ సెట్టింగులుండే రిజాల్వ్.కాన్ఫ్ (resolv.conf) ఫైల్లో టైమౌట్ ఏమీ రాయకపోతే లైనక్స్ జవాబు కోసం అంతసేపే చూసి మళ్లీ అడుగుతుంది. అంటే ఏదో ఒక జవాబు దారిలో పోతోంది. డిగ్ మామూలుగా 'ఏ' (A) రికార్డు, అంటే ఐపీవీ4 అడ్రసు, ఒక్కటే అడుగుతుంది. మీ సాఫ్ట్‌వేర్ బహుశా ఐపీవీ4కి 'ఏ', కొత్త రకం అడ్రసు ఐపీవీ6కి 'క్వాడ్ ఏ' (AAAA), రెండూ ఒకే సాకెట్ (పోర్టు) నుంచి వెంటవెంటనే అడుగుతోంది. కొన్ని ఫైర్‌వాల్స్ మొదటి జవాబు రాగానే ఆ సెషన్ మూసేస్తాయి. రెండోది గుమ్మం బయటే ఉండిపోతుంది.
రుషికొండ ఆఫీసులో దీనికోసం రెండు రోజులు తిరిగాం, కేబుళ్లు కూడా మార్చాం. టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వచ్చిపోయేవి రికార్డు చేసే టూల్) ముందే పెట్టి ఉంటే పది నిమిషాల్లో తేలేది. దయచేసి ఫైర్‌వాల్‌కి రెండు వైపులా పెట్టి చూడండి. మీదీ ఇదే అయితే రిజాల్వ్.కాన్ఫ్‌లో ఆప్షన్స్ సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్ (options single-request-reopen) అని ఒక లైను రాయండి, రెండో ప్రశ్నకి కొత్త సాకెట్ తెరుస్తుంది.

పోర్టు రోడ్:
పెట్టాను. బయటివైపు రెండు జవాబులూ వస్తున్నాయి, లోపలికి ఒకటే. ఆ లైను రాయగానే ఆలస్యం పోయింది. చాలా థాంక్సండి, నాలుగు రోజుల నుంచి సరిగ్గా భోజనం చేయలేదు.

గాజువాక కేబుల్:
డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ సెట్టింగులు వాటంతటవే ఇచ్చేది) వాడుతున్నారా? అయితే ఆ ఫైలు మళ్లీ మారిపోవచ్చు, చూసుకోండి. ఫైర్‌వాల్ పెట్టినవాళ్లకి ఆ డంప్ ఫైలు పంపి అక్కడే సరిచేయమనండి.

పోర్టు రోడ్:
అవును, పొద్దున్నే రెండు మెషీన్లలో ఆ లైను లేదు. డంప్ ఇప్పుడే పంపాను.