లెత్ర్ మోడెర్న్ మొదటి ఏడాది: కొమాంతేర్‌లో మార్కులు ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న (లియోన్ నుంచి)

అక్కయ్యలకి, అన్నయ్యలకి నమస్కారం. ఈ సెప్టెంబరులో ఇక్కడ ఫ్రాన్స్‌లో లెత్ర్ మోడెర్న్ అనే ఫ్రెంచి సాహిత్య డిగ్రీ‌లో చేరాను. సాహిత్యంతో పాటు సినిమా విశ్లేషణ కూడా ఒక పేపరుంది. ఇచ్చిన భాగాన్ని విశ్లేషిస్తూ రాసే మొదటి కొమాంతేర్‌కి 20కి 6 ఇచ్చారు. పక్కన నాలుగు చోట్ల "పారాఫ్రాజ్" అని ఎర్రసిరాతో రాశారు. అర్థం సరిగ్గానే రాశాను, నిఘంటువులో ప్రతి మాటా చూసుకున్నాను. తప్పెక్కడ జరిగింది? సినిమా పేపరుకి ఎలా తయారవ్వాలి?

మొదటి జవాబు (పారిస్)

అమ్మా, ముందు ఆ 6 చూసి బెంగ పెట్టుకోకు. ఇక్కడ 10 వస్తే పాస్. 12కి "అసే బియాఁ" (ఫర్వాలేదు), 14కి "బియాఁ" (బాగుంది), 16కి "త్రే బియాఁ" (చాలా బాగుంది). సాహిత్యంలో 14 వచ్చిందంటే చాలా మంచి మార్కు. ఇంటర్ మార్కులు చూసిన కళ్ళతో వీటిని చూడొద్దు. (ముక్కుతో పలికే చోట అరసున్న పెడుతున్నాను, ఆ శబ్దానికి మన లిపిలో అంతకన్నా దగ్గరిది లేదు.)

పారాఫ్రాజ్ అంటే రచయిత చెప్పినదాన్నే మన మాటల్లో మళ్ళీ చెప్పడం. మన బడిలో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ పని తాత్పర్యం అయ్యాకే మొదలవుతుంది. ఏం చెప్పారన్నది దిద్దేవాళ్ళకి ముందే తెలుసు. ఎలా చెప్పారో నువ్వు చూపించాలి.

ఒక్క పాదం తీసుకుందాం. రసీన్ నాటకం "ఫెద్ర్" (1677), మొదటి అంకం, మూడో రంగం. సవతి కొడుకు మీద మనసు పడిన రాణి తన దాదితో అంటుంది: "జ ల వీ, జ రూజీ, జ పాలీ ఆ స వ్యూ." అతన్ని చూశాను, ఎర్రబడ్డాను, అతను కంటపడగానే పాలిపోయాను.

"ఫెద్ర్ అతన్ని చూసి సిగ్గుపడి పాలిపోయిందని చెబుతోంది" అని రాస్తే అది పారాఫ్రాజ్. ఇప్పుడు మాటల అమరిక చూడు. మూడు చిన్న వాక్యాలు, మధ్య "మరియు" లేదు, "అందువల్ల" లేదు. మూడింటికీ "జ" (నేను) అనే కర్తే. ఎరుపు, తెలుపు పక్కపక్కనే ఉన్నాయి. మొదట్లో "వీ", చివర "వ్యూ": చూపుతో మొదలైన పాదం చూపు దగ్గరే మూసుకుంది. ఆమె తప్పించుకునే దారి ఆ పాదంలోనే లేదు. ఆలోచన కన్నా ముందే ఒళ్ళు లొంగిపోయిందని ఆ వేగమే చెబుతోంది. ఇదీ కొమాంతేర్.

రాసేటప్పుడు ప్రతి పరిశీలనకీ మూడు అడుగులు: మూలంలోని మాట కోట్ చెయ్యి, అక్కడ వాడిన ప్రొసెదే (రచనా ఉపాయం) పేరు చెప్పు (పునరుక్తి, విరోధం, సంయోజకం లేకపోవడం), అది ఏ భావం కలిగిస్తోందో రాయి. మూడోది మర్చిపోతే అలంకారాల జాబితా అవుతుంది. దానికీ మార్కులు కోస్తారు. ఒక పేరాకి ఇలాంటివి రెండు మూడు చాలు.

రెండో జవాబు (గ్రెనోబ్ల్)

అదే పాదంలో కొత్తవాళ్ళు పడే గొయ్యి ఇంకొకటుంది. "జ ల వీ"లోని "వీ"ని చాలామంది "జీవిస్తున్నాను" అనుకుంటారు, వర్తమానంలో ఆ క్రియ స్పెల్లింగు కూడా అదే. ఇక్కడది "చూడటం" అనే క్రియకి పాసే సేంప్ల్ (రాతలో వాడే భూతకాలం) రూపం. "రూజీ", "పాలీ" అయితే వర్తమానంలోనూ భూతంలోనూ ఒకేలా ఉంటాయి. మాట్లాడే ఫ్రెంచిలో ఈ కాలం దాదాపు వినిపించదు కాబట్టి బీ2 స్థాయి ఫ్రెంచి పరీక్షకి చదివినా చేతికి రాదు. నవల మొదలుపెట్టే ముందు ఎత్ర్, అవ్వార్, ఫేర్, వ్వార్, పూవ్వార్, దెవ్వార్, ప్రాఁద్ర్, వెనీర్, మెత్ర్, సవ్వార్ అనే పది క్రియలకి ప్రథమ పురుష (అతను, ఆమె, వాళ్ళు) రూపాలు కంఠతా పట్టు. సగం పేజీ అక్కడే తేలికవుతుంది.

ఛందస్సు విషయానికొస్తే, గురులఘువులు, యతి స్థానాలు వెతకొద్దు. అలెగ్జాంద్రాఁ అనే ఈ రకం పాదంలో అక్షరాలు లెక్కపెట్టడమే: 12, ఆరో దాని తర్వాత విరామం. జ-ల-వీ-జ-రూ-జీ, జ-పా-లీ-ఆ-స-వ్యూ. మామూలు మాటల్లో "జ ల" కలిసి "జ్ల" అయిపోతుంది. పద్యంలో అలా మింగితే లెక్క తప్పుతుంది. మాట చివరి మూగ "అ" తర్వాత హల్లు వస్తే లెక్కలోకి వస్తుంది, అచ్చు వస్తే రాదు, పాదం చివర ఎప్పుడూ రాదు. 11 వచ్చినా 13 వచ్చినా ముందు ఆ మూగ "అ"లనే అనుమానించు.

మూడో జవాబు (తులూజ్)

సినిమా పేపరుకి మొదటి జాగ్రత్త "ప్లాఁ" అనే మాట. దిసెర్తాసియోఁలో, అంటే ఒక ప్రశ్న మీద వాదన కట్టే వ్యాసంలో, అది రూపురేఖ. సినిమాలో అది షాట్. క్లాసులో రెండూ ఒకే గంటలో వినిపిస్తాయి.

మూడు నిమిషాల భాగం ఇస్తే మూడుసార్లు చూడు: మామూలుగా ఒకసారి, శబ్దం ఆపేసి ఒకసారి, తెర మూసి చెవులతో ఒకసారి. తర్వాత పట్టిక గియ్యి: షాట్ సంఖ్య, సెకన్లు, దూరం, కోణం, కెమెరా కదలిక, శబ్దం. దూరాల పేర్లు కచ్చితంగా వాడాలి. ముఖం నిండా ఉంటే "గ్రో ప్లాఁ", తొడల మధ్య దాకా కనిపిస్తే "ప్లాఁ అమెరికెఁ". "బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్" అని రాయొద్దు. కథలోని మనుషులకి వినపడని సంగీతమైతే "మ్యుజిక్ ద ఫోస్", గదిలో రేడియో నుంచి వస్తుంటే "మ్యుజిక్ దెక్రాఁ".

దర్శకుడు త్రుఫో 1959 సినిమా "లే కత్ర్ సాఁ కూ" చివరి భాగంతో సాధన చెయ్యి. పిల్లాడు పరిగెడుతుంటే కెమెరా కోయకుండా పక్కనే పోతుంది, సముద్రం దగ్గర అతను మనవైపు తిరగ్గానే బొమ్మ ఆగిపోతుంది. అంతసేపు కదిలిన కెమెరా ఆ ఒక్క క్షణంలో ఎందుకు బిగుసుకుంది? నీ వ్యాసానికి ప్రొబ్లెమాతీక్ (వ్యాసమంతా జవాబు వెతికే మూలప్రశ్న) అక్కడే దొరుకుతుంది. పేరుని "400 దెబ్బలు" అని రాయొద్దు, అది అల్లరిచిల్లరగా తిరగడమనే జాతీయం.

హాల్లో ఫ్రెంచి సినిమాకి సబ్‌టైటిల్స్ ఉండవు. చెవిటివారి కోసం వేసే "ఎస్ఎంఈ" ఆటలు వెతుక్కో, ఫ్రెంచి మాటలు తెర మీద పడతాయి. ఊరి లైబ్రరీ, అంటే మెదియాతెక్‌లో తెచ్చుకునే చాలా డీవీడీల్లోనూ ఆ సౌకర్యం ఉంటుంది. కానీ సబ్‌టైటిల్స్‌లో సంభాషణ కుదిస్తారు. వ్యాసంలో కోట్ చేసేది చెవితో విని రాసుకున్నదే అయి ఉండాలి.

నాలుగో జవాబు (పారిస్)

ఇవీ చూసుకో చెల్లీ. ఫీజు కట్టడం ఒకటి, పాఠాలకి పేరు నమోదు చేసుకోవడం ఇంకొకటి. రెండోదాన్ని "ఆంస్క్రిప్సియోఁ పెదగోజీక్" అంటారు. అది ఆలస్యమైతే నచ్చిన టేడే (సాధన తరగతుల) గుంపులు నిండిపోతాయి. టేడేకి హాజరు తప్పనిసరి. పరీక్ష రోజు ఒళ్ళు బాగోకపోతే డాక్టరు సర్టిఫికెట్ వెంటనే సెక్రటేరియట్‌లో ఇవ్వు. లేకపోతే "దెఫైయాఁ" (పరీక్షకి రాలేదు) అని పడి సెమిస్టర్ సగటే లెక్కించరు.

కొత్త పుస్తకాల కోసం నాలుగు షాపులు తిరగొద్దు. 1981 చట్టం ప్రకారం 5 శాతానికి మించి తగ్గించకూడదు. పాతవి, "ఒకాజియోఁ" అని చీటీ అంటించినవి కొను, కానీ టీచరు చెప్పిన ఎడిషనే తీసుకో, పేజీ నంబర్లన్నీ దాని ప్రకారమే. పాత రచనలు జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అయితే అక్కడ వివరణలుండవు.

నాలుగు గంటల దిసెర్తాసియోఁలో మొదటి గంటంపావు చిత్తుకే ఇవ్వు: ప్రశ్నలోని మాటలు విప్పడం, మూడు భాగాల ప్లాఁ, ఉపోద్ఘాతం, ముగింపు పూర్తి వాక్యాల్లో. మిగతాదంతా నేరుగా జవాబు కాగితంలోనే. చిత్తుకాగితానికి ఒకవైపే రాయి, లేదంటే తిప్పుకోవడంలోనే సమయం పోతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా. "నా అభిప్రాయంలో" అని రాయొచ్చా?

నాలుగో జవాబు ఇచ్చినవారు

వద్దు. "జ" బదులు "ను" (మేము, మనం) వాడు, లేదా "ఓఁ" (ఎవరైనా అనే అర్థంలో). చేత్తో రాసేటప్పుడు పుస్తకం, నాటకం, సినిమా పేర్ల కింద గీత గియ్యి. ఒక్క కవిత పేరైతే గీత వద్దు, ఫ్రెంచి కోట్ గుర్తుల మధ్య పెట్టు.