కొర్లగుంటలో 25 అంకణాల పాత మిద్దె: తెలిసినవాళ్లు చెప్పండి

తిరుపతి కొర్లగుంటలో 25 అంకణాల పాత ఇల్లు అమ్మకానికి ఉంది, కొందామని చూస్తున్నాను. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 900 అడుగులు, సరిగ్గా 100 గజాలు. (నెల్లూరు అంకణం 72, ఆ లెక్కతో ధర పోల్చకండి.)

మొదటి దస్తావేజు 1971ది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలంటే సర్వే నంబరు ఇవ్వాలా, పాత ఇంటి నంబరూ హద్దులూ ఇవ్వాలా? డోర్ నంబర్లు మారిన వీధుల్లో ఒక్కదానితో వెతికితే పాత తాకట్టు కనబడకుండా పోవచ్చు. 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఈ సర్వే నంబరు లేదు. దేవస్థానం, మఠం భూములున్న ఊళ్లో అది చూడకుండా అడ్వాన్సు మాటే ఎత్తకూడదు కదా.

ఆస్తి తాతల నాటిది. కొడుకులు ముగ్గురే సంతకం పెడతామంటున్నారు. కూతుళ్లు కూడా రావాల్సిందేనని నా అభిప్రాయం. వాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాలేకపోతే జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) సరిపోతుందా, హక్కు విడుదల పత్రం మేలా?

ఇంకొకటి. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, పిల్లర్లు లేవు. అద్దె కోసం పైన రెండు గదులు వేస్తే గోడలు ఆగుతాయా? గోడలో దిగిన దూలాల కొనలకు చెదలుందేమో పగలగొట్టకుండా చూసే మేస్త్రీ ఎవరైనా ఉన్నారా?