పీడీఎఫ్ ప్యాటర్న్ అతికిస్తే గీతలు కలవట్లేదు, కుర్తీ బిగుతొచ్చింది. ఎక్కడ తప్పు?

కాకినాడ_కుట్లు
అందరికీ నమస్తే అండి. ఇన్నాళ్ళూ పాత కుర్తీని గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసి కుట్టుకునేదాన్ని, ఈసారి ప్రిన్సెస్ కట్ (ముందుభాగం నిలువు కుట్లతో ముక్కలుగా వచ్చేది) కుట్టాలని ఆన్‌లైన్‌లో ఒక పీడీఎఫ్ ప్యాటర్న్ కొన్నాను, అంటే కుర్తీ ముక్కల గీతలు ప్రింట్ తీసి అతికించుకునే ఫైల్. ఏ4 ఫైల్, 24 పేజీలు. మా ఇంట్లో ప్రింటర్ లేదు, వాట్సాప్‌లో జిరాక్స్ షాపుకి పంపించి వెళ్ళేసరికి అక్కడి అబ్బాయి కాగితం కలిసొస్తుందని రెండు వైపులా కొట్టేశాడు. అలా ఉంటే అతికించడానికి కుదరదు కదా, అందుకని ముందువైపు పడ్డవి 1, 3, 5 అలా ఉంచేసుకుని, వెనకవైపు పడ్డవి మాత్రం మర్నాడు ఇంకో షాపులో విడిగా తీయించా.

రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో నేల మీద పరుచుకుని రెండు గంటలు కూర్చుని అతికించా. పక్కపక్క పేజీలు పైన కలిపితే కింద ఒక సెంటీమీటరు తేడా వస్తోంది, మధ్యలో కలిపితే పైన అర, కింద అర. నా కత్తిరింపులో తేడా అనుకుని ఎలాగో సర్ది టేపేసేశా. ముందు ఒక పాత దుప్పటి మీద కట్ చేసి కుట్టి చూశా. నా ఛాతీ 38, కుట్టాక 41 అంగుళాలు రావాలని రాసుంది, టేపు పెడితే 40 కూడా నిండా రాలేదు. చంక దగ్గర పట్టేస్తోంది, చెయ్యెత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తోంది.

అక్క పుట్టినరోజుకి తన చేతుల్లో పెట్టాలని మంగళగిరి కాటన్ మూడు మీటర్లు తెచ్చిపెట్టుకున్నా, తనదీ నా కొలతే. ఇప్పుడు దాని మీద కత్తెర పెట్టాలంటే చెయ్యి రావట్లేదు. ప్యాటర్నే తప్పంటారా, నేను అతికించడమా?

సూదీదారం
రెండూ కాదనుకుంటా అండి. ప్రింట్ దగ్గరే తేడా కొట్టింది.

మొదటి పేజీలో ఒక చిన్న గడి ఉంటుంది చూడండి, పక్కన 5 సెంటీమీటర్లు అనో 10 అనో రాసుంటుంది. దాన్ని స్కేలు పెట్టి కొలవండి, టేపుతో వద్దు, వాడిన టేపు సాగి ఉంటుంది. అడ్డం, నిలువు రెండూ కొలవాలి, ఎందుకంటే కొన్ని ప్రింటర్లలో కాగితం లాక్కునేటప్పుడు రోలర్ జారి నిలువు కొలత ఒక్కటే మారుతుంది.

ఇంకో సంగతి. పేజీలన్నీ ఒకేలా చిన్నగా పడి ఉంటే గీతలు మాత్రం చక్కగా కలిసిపోతాయి, కుట్టాకగానీ తప్పు తెలీదు. మీకు గీతలే కలవలేదంటే మీ దగ్గర రెండు సైజుల కాగితాలు ఉన్నట్టు. రెండు షాపుల్లో తీయించానన్నారు కదా, 1వ పేజీ చుట్టూ ఉన్న బోర్డర్ వెడల్పు, 2వ పేజీది కొలిచి చెప్పండి. నాకు అక్కడే అనుమానంగా ఉంది.

కాకినాడ_కుట్లు
ఇప్పుడే కొలిచానండి. గడి 10 అని రాసుంది, 9.6 వచ్చింది, అడ్డం నిలువు రెండూ అంతే. బోర్డర్ 1వ పేజీలో 18.2, 2వ పేజీలో సరిగ్గా 19. మళ్ళీ 3, 4 కొలిచా, అదే తేడా. అంత సేపు నేల మీద కూర్చుని లాగి లాగి అతికించా, ఒక్కసారి స్కేలు తీసి ఉంటే తెలిసిపోయేది.

సూదీదారం
అదే అండి. మొదటి షాపులో నూటికి 96 పడింది, రెండో షాపులో సరిగ్గా పడింది. మొత్తం ప్యాటర్న్ 96లో ఉంటే 41 కాస్తా 39.36 అయ్యేది, అంటే 3 అంగుళాల లూజులో సగానికి పైగా పోయేది. మీకు ఒక పేజీ చిన్నది ఒకటి సరైనది కాబట్టి ఆ మధ్యలో ఎక్కడో ఆగింది. చంక గుండ్రం చిన్న పేజీల మీద పడి ఉంటుంది, అందుకే అక్కడ ఎక్కువ పట్టేస్తోంది.

24 పేజీలూ మళ్ళీ తీయించక్కర్లేదు, బేసి పేజీలు 12 చాలు. ఈసారి దగ్గరుండి ముందు గడి ఉన్న ఒక్క పేజీ తీయించండి, అక్కడే స్కేలు పెట్టి చూశాకే మిగతావి. అడోబ్ రీడర్‌లో అయితే ప్రింట్ నొక్కాక 'యాక్చువల్ సైజ్' పెట్టమనండి. 'ఫిట్' ఉంటే ప్రింటర్ అంచుల్లో ఇరికించడానికి పేజీని తగ్గించేస్తుంది, 'ష్రింక్' ఆప్షన్ కూడా అంతే. క్రోమ్‌లో తెరిచి ప్రింట్ ఇస్తే స్కేల్ దగ్గర కస్టమ్ పెట్టి 100 కొట్టాలి. రెండు వైపులా ప్రింట్ అనేది తీసేయమని మర్చిపోకుండా చెప్పండి. ఫైల్ వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి, స్క్రీన్‌షాట్ తీసి ఫొటోగా పంపితే కొలత అనేదే ఉండదు.

డాలస్_దర్జీ
నేను అమెరికాలో ఉంటా, నాకు ఇదే బాధ తిరగేసి వచ్చింది. ఇక్కడ దొరికేది లెటర్ కాగితం, 8.5 ఇంటూ 11 అంగుళాలు. మన ఏ4 210 ఇంటూ 297 మిల్లీమీటర్లు, అంటే లెటర్ కన్నా కొంచెం సన్నం, కొంచెం పొడుగు. మంచి ప్యాటర్న్‌లలో బోర్డర్‌ని రెండిట్లోనూ పట్టేలా చిన్నగా గీస్తారు, ఏ కాగితం మీదైనా 100కే తీసుకోవచ్చు. అలా కాకుండా లెటర్ నిండా గీసిన ఫైల్‌ని ఏ4 మీద తీస్తే పక్క గీతలు తెగిపోతాయి, అది చూసి షాపువాళ్ళు మంచికే అనుకుని ఫిట్ పెట్టేస్తారు. అందుకని కొనేటప్పుడే ఏ4 ఫైల్ ఉందా అని చూసుకోండి.

అతికించడం గురించి. ప్రతి పేజీకి కుడివైపు, కిందవైపు తెల్ల అంచు మాత్రమే బోర్డర్ గీత మీదుగా కత్తిరించండి, ఎడమా పైనా వదిలేయండి. కత్తిరించిన కుడి అంచుని పక్క పేజీ ఎడమ బోర్డర్ మీద ఆనించాలి, గీత మీద గీత. ముందు అడ్డంగా ఒక్కో వరస పూర్తి చేసి, ఆ తర్వాత వరసలని ఒకదాని కింద ఒకటి కలుపుకోవాలి. ఒక్కో అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు జరిగినా ఆరు పేజీల వరసకి ఐదు అతుకులు, చివరికి అర సెంటీమీటరు. నేను టేపు మానేసి గ్లూ స్టిక్ వాడతా, తప్పుగా పడితే ఆరేలోపు పీకి సరిచేసుకోవచ్చు, పైగా కాగితం ముడతలు పోవడానికి ఇస్త్రీ పెట్టె పెడితే టేపు కరిగి అంటుకుంటుంది. ఫ్యాన్ మాత్రం ఆపేసుకోండి.

టైలర్ బాబాయ్ (రాజమండ్రి)
అమ్మా, నేను చేత్తో డ్రాఫ్టింగ్, అంటే కొలతలు వేసి ముక్కలు గీయడం చేసేవాణ్ణి, మా కోడలు ఇలాంటివే ప్రింట్ తీయిస్తుంది కాబట్టి చెబుతున్నా. గడి సరిపోయిందని వెంటనే గుడ్డ మీదికి వెళ్ళకు. అతికించిన కాగితం మీద ఛాతీ దగ్గర టేపు పెట్టు. 41లో నాలుగో వంతు పదింపావు, ముందు సగానికి అంత రావాలి. ప్రిన్సెస్ కట్‌లో ఆ సగం రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్య ముక్క, పక్క ముక్క. ఒక్కోదాని కుట్టు మార్జిన్ తీసేసి అప్పుడు కలుపు. కొత్తవాళ్ళు మార్జిన్‌తో సహా కొలిచి లూజు బాగానే ఉందనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు.

కోడలు తెచ్చే విదేశీ ప్యాటర్న్‌లు ఎక్కువగా 168 సెంటీమీటర్ల ఎత్తుకి గీసినవే ఉంటున్నాయి. మీ అక్క ఎత్తు అంత లేకపోతే కింద అంచు దగ్గర కోసేయకు, నడుము షేపు వచ్చే చోటు తుంటి మీదికి దిగిపోతుంది. నడుముకి పైన అడ్డంగా జంట గీతలు ఉంటాయి, అక్కడ కాగితం మడిచి తగ్గించాలి.

మంగళగిరి కాటన్ ముందు రాత్రి నీళ్ళలో నానేసి, పిండకుండా నీడలో ఆరేసి, కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కట్ చెయ్యి. ముక్కల మీద బాణం గుర్తు పడుగు దారం వెంట, అంటే గుడ్డ పక్క అంచుకి సమాంతరంగా ఉండాలి. బాణం రెండు కొసల నుంచి అంచు దాకా కొలువు, రెండూ ఒకటే రావాలి. చేనేత గుడ్డ ఏటవాలుగా కట్ అయితే నాలుగు ఉతుకులకి ఒక పక్క జారిపోతుంది, ఎంత బాగా కుట్టినా నిలవదు. అతికించిన కాగితం మీదే కత్తెర ఆడించకు, బ్రౌన్ పేపర్ మీదికి దింపుకో, గాట్లు, టక్కులు అన్నీ గుర్తుపెట్టుకుని. రేపు ఇంకో సైజు కావాలన్నా అసలుది ఉంటుంది.

సూదీదారం
బాబాయ్‌గారు చెప్పింది బంగారం. ఒకటి కలుపుతా, ఈ అతుకుల పని వద్దనుకుంటే మీ ఫైల్స్‌లో ఏ0 అని ఇంకోటి ఉందేమో చూడండి. ఏ0 అంటే 16 ఏ4లు, 841 ఇంటూ 1189 మిల్లీమీటర్లు. ఇంటి ప్లాన్‌లు తీసే ప్లాటర్ షాపులో 36 అంగుళాల రోల్ ఉంటే అందులో పట్టేస్తుంది. అక్కడా గడి కొలవాల్సిందే.

కాకినాడ_కుట్లు
అందరికీ చాలా థాంక్సండి. ఈరోజు మధ్యాహ్నం షాపుకి స్కేలు పట్టుకెళ్ళా. మొదట 9.7 వచ్చింది, ఫిట్ తీసేయమన్నా, రెండోసారి సరిగ్గా 10. పన్నెండు పేజీలూ తీయించి, టేపేసిన సరి పేజీలని నెమ్మదిగా విడదీసి, ఫ్యాన్ ఆపి గ్లూ స్టిక్‌తో అతికించా. ఈసారి చంక గీత ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి ఎక్కడా విరగకుండా వెళ్ళింది, వేలితో తడిమి చూసుకున్నా. మార్జిన్లు తీసేసి ముందు సగం పదింపావు వచ్చింది బాబాయ్‌గారూ. అక్క 157 సెంటీమీటర్లే, జంట గీతల దగ్గర ఎంత మడవాలో తన వీపు పొడవు కొలిచి చూసుకుంటా. గుడ్డ బకెట్‌లో నానుతోంది.