పండక్కి కోతల్లేని పూర్తి కచేరీ ఏ ఛానెల్లో?

మాది కావలి. భోగి నుంచి కనుమ దాకా సాయంత్రం 6 నుంచి 9 వరకు టీవీలో కర్ణాటక కచేరీ చూడాలి. వారంగా నాలుగైదు ఛానెళ్లు తిప్పా. గైడ్‌లో ‘శాస్త్రీయ సంగీతం’ అని ఉంటుందే గానీ పాడేదెవరో ఉండదు. ఒకదాంట్లో రాగం, తానం అయి అసలు భాగమైన పల్లవి ఎత్తుకోగానే వార్తలొచ్చాయి. ఇంకోదాంట్లో తని ఆవర్తనం (మృదంగం లాంటి లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొత్తం కోసేశారు. తని లేని కచేరీ ఉప్పులేని పప్పే!

పెన్‌డ్రైవ్‌లో రికార్డు పెడితే 4 జీబీ దగ్గర ఆగింది. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32, అందులో ఒక ఫైలు అంతకు మించదు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చా, సెట్‌టాప్ బాక్సు గుర్తించనే లేదు.

ఎస్వీబీసీ (టీటీడీ ఛానెల్)లో వచ్చే సంగీత కార్యక్రమం నాదనీరాజనం సంగతి తెలుసు. డీడీ భారతి, సప్తగిరి సహా, తనితో కలిపి రెండు గంటల పైబడిన కచేరీ ఏ ఛానెల్లో, ఏ వేళకు వస్తుంది?