పెళ్లి డీవీడీ ఖాళీ డిస్కులో పట్టట్లేదు

ప్రశ్న: పెళ్లి డీవీడీ 6.9 జీబీ ఉంది, 4.7 డిస్కులో ఎక్కట్లేదు. కొన్న సినిమా డీవీడీ కూడా కాపీ చేసుకోవచ్చాండీ?

జవాబు: మీది డ్యూయల్ లేయర్ (రెండు పొరల, పొట్టిగా డీఎల్) డిస్కు. 4.7 దాంట్లో విండోస్ లెక్కన పట్టేది 4.38 జీబీయే. 8.5 జీబీ డీఎల్ డిస్కు కొనండి. డిస్కులు రాసే ప్రోగ్రాం ఇమ్‌గ్‌బర్న్‌లో ముందు ఐఎస్ఓ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) తీసి, 4ఎక్స్‌ వేగంలో కొత్త డిస్కు మీద రాయండి. రాసింది సరిగ్గా ఉందో చూసే వెరిఫై టిక్కు మాత్రం తీసేయొద్దు.

జవాబు: గీతలు పడి రీడ్ ఎర్రర్ వస్తే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే, పాడైన డిస్కు నుంచి డేటా తీసే ప్రోగ్రాం వాడండి, సెక్టార్ సైజు 2048 ఇవ్వాలి.

జవాబు: సినిమా డిస్కుల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే, కాపీని అడ్డుకునే తాళం ఉంటుంది. వీఓబీ (డీవీడీలో వీడియో ఉండే) ఫైళ్లు ఊరికే కాపీ కొడితే బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఏ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. సొంత వాడకానికి అదే చట్టంలోని సెక్షన్ 52 కొంత వెసులుబాటిస్తుంది, పంచితే అది వర్తించదు.