"ది టాక్"ని తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:
అమెరికా నల్లజాతి కుటుంబాల గురించిన ఒక వ్యాసం తెలుగు చేయాలి. పోలీసులు ఎదురైతే ఎలా మసులుకోవాలో తల్లిదండ్రులు పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, చెప్పే మాటలకి అక్కడ "ది టాక్" అని పేరు. "హితబోధ" అంటే పంచతంత్రం గుర్తొస్తోంది. "బుద్ధి చెప్పడం" అంటే తిట్టినట్టుంది. "సుద్దులు" ఇప్పటి పాఠకుడికి అందదు. అదే వ్యాసంలో 1990ల నాటి "సూపర్ ప్రిడేటర్" అన్న మాట కూడా ఉంది. దానికి "క్రూరమృగం" సరిపోతుందా? రెంటికీ సూచనలు కావాలి.

అట్లాంటా సభ్యురాలు:
పేరు పెట్టేముందు అందులో ఏం చెబుతారో చూద్దాం. అది నీతి కాదండీ, పద్ధతి. ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పేసేదీ కాదు. బొమ్మ తుపాకీతో వీధిలో ఆడొద్దని ఎనిమిది, తొమ్మిదేళ్ళకి మొదలవుతుంది. కుర్రాడు పొడుగెదిగాక మరోసారి, పదహారేళ్ళకి లైసెన్సు చేతికొచ్చినప్పుడు ఇంకోసారి.

కారు ఆపమన్నారనుకోండి. సిగ్నల్ వేసి, వేగం తగ్గించి, వెలుతురున్న చోట పక్కకి ఆపాలి. ఇంజను ఆపేయాలి, అద్దం దించాలి, రాత్రయితే లోపలి లైటు వేయాలి. రెండు చేతులూ స్టీరింగు మీద, గడియారంలో పది, రెండు అంకెలుండే చోట పెట్టి ఉంచాలి. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. లైసెన్సు అడగగానే కుర్రాడు కంగారుగా వెనక జేబులోకి చెయ్యి పోనిస్తాడు. కిందికి వెళ్ళిన చెయ్యి పోలీసుకి తుపాకీ కోసం వెళ్ళినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు నోటితో చెప్పాలి: "లైసెన్సు వెనక జేబులో ఉందండీ, తీయమంటారా?" సరే అన్నాకే, మెల్లగా తీయాలి. కాగితాలు డాష్‌బోర్డు అరలో అడుగున పడేయకుండా చేతికందేలా ఉంచుకోమనేది కూడా ఇందుకే.

పరుగెత్తకూడదు, వాదించకూడదు. సోదా చేస్తామంటే "నేను ఒప్పుకోవడం లేదు" అని మర్యాదగా అనొచ్చు, చేత్తో మాత్రం అడ్డుకోకూడదు. "నేను వెళ్ళొచ్చా?" అని అడగొచ్చు. పట్టుకుపోతే "లాయరు వచ్చేదాకా ఏమీ మాట్లాడను, మా అమ్మానాన్నలకి కబురు చేయండి" అనాలి. దుకాణంలో చేతులు జేబుల్లో పెట్టకూడదు, టోపీ తలమీదికి లాక్కోకూడదు, కొన్నదాని రసీదు పారేయకూడదు. అన్యాయం జరిగితే బ్యాడ్జి నంబరు గుర్తుపెట్టుకుని ఇంటికి రావాలి, ఫిర్యాదు తర్వాత.

ఇందులో పిల్లాడి తప్పు ఎక్కడా లేదు. అందుకే "బుద్ధి చెప్పడం" పనికిరాదు. ఆ మాట వాడగానే వాడేదో చేసినట్టవుతుంది.

భీమవరం సభ్యుడు:
ఇంట్లో రోజూ అనే మాటే ఉంది కదా: "జాగ్రత్తలు చెప్పి పంపించు". ఊరెళ్ళేవాళ్ళకి, పరీక్షకెళ్ళేవాళ్ళకి, అందరికీ చెప్పేవి జాగ్రత్తలే. పద్ధతులన్న అర్థం బహువచనంలోనే ఉంది.

దీనికి ఇంకో బలం కూడా ఉంది. జాగ్రత్త సంస్కృత "జాగ్రత్" నుంచి వచ్చింది, మేలుకుని ఉండటం అని. శివరాత్రి జాగారం కూడా ఆ ధాతువుదే. ఇప్పుడు అమెరికా వైపు చూడండి. 1931లో అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళని రైల్లో అత్యాచారం చేశారన్న అబద్ధపు నేరం మీద పట్టుకున్నారు. స్కాట్స్‌బరోలో రోజుల్లోనే విచారణ ముగించి, ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. వాళ్ళమీద పాట కట్టిన నల్లజాతి జానపద గాయకుడు లెడ్ బెల్లీ 1938 నాటి రికార్డింగులో పాటయ్యాక మామూలుగా మాట్లాడుతూ, ఆ దారిన పోయేవాళ్ళు కాస్త చూసుకుని వెళ్ళండి, మేలుకుని ఉండండి, కళ్ళు తెరుచుకుని ఉండండి అంటాడు. అన్యాయాల పట్ల మేలుకుని ఉండటమనే అర్థంలో "వోక్" అన్న మాటకి దొరికే పాత రికార్డుల్లో అదొకటి. చూసుకోవడం, మేలుకోవడం ఆయన రెండు మాటల్లో చెప్పాడు. మనకి రెండూ ఒక్క మాటలో ఉన్నాయి.

వరంగల్ సభ్యురాలు:
మా దిక్కు "పైలం". "పైలం కొడుకా", "పైలంగ పోయి రా". పదిలం నుంచి వచ్చిందంటరు. కడప (గడప) దాటేటప్పుడు అనే మాట అది. వ్యాసంలో తల్లి నేరుగా మాట్లాడే వాక్యం ఉంటే అక్కడ "పైలం" పెట్టుండ్రి, బతికిన మాట లెక్క ఉంటది. శీర్షికకైతే "జాగ్రత్తలు" మంచిగుంటది, అందరికీ తెలుస్తది.

భీమవరం సభ్యుడు:
బాగుంది. అయితే "జాగ్రత్త"తో ఒక చిక్కుంది, దాని ముందు ఏ మాట ఏ విభక్తిలో వస్తుందో చూసుకోవాలి. "కుక్క ఉంది జాగ్రత్త" అంటే ప్రమాదం కుక్క నుంచి. "డబ్బు జాగ్రత్త" అంటే ప్రమాదం డబ్బుకి. "పిల్లాడు జాగ్రత్త" అంటే, వాణ్ణి తీసుకెళ్ళేవాళ్ళతో చూసుకోమని చెప్పడం. "వాడితో జాగ్రత్త" అంటే మాత్రం వాడే ప్రమాదం. ఒక్క "తో" చేరగానే కాపాడాల్సినవాడు భయపెట్టేవాడైపోతాడు.

"పిల్లాడు జాగ్రత్త" అని పోలీసులకి చెప్పాల్సిన మాటని, "జాగ్రత్తగా ఉండు నాన్నా" అని పిల్లాడికే చెప్పాల్సి రావడం, ఇదీ ఆ "టాక్". అనువాదంలో ఈ మలుపు పోకుండా చూడండి.

హైదరాబాద్ సభ్యుడు, పత్రికల అనువాదం చేసేవారు:
రెండో మాట సంగతి. "క్రూరమృగం" చాలదు. సూపర్ ప్రిడేటర్‌ని జనంలోకి తెచ్చింది ప్రిన్స్‌టన్ రాజకీయశాస్త్ర ఆచార్యుడు జాన్ డియూలియో, 1995 నవంబరులో ఒక వారపత్రిక వ్యాసంతో. పశ్చాత్తాపమన్నది ఎరగని కొత్త రకం కుర్రాళ్ళు పుట్టుకొస్తున్నారని, 2010 నాటికి 1990తో పోలిస్తే ఇంకో 2,70,000 మంది ఎక్కువగా వీధుల్లో ఉంటారని ఆయన లెక్క. ఆ వ్యాసంలో నల్లజాతి పేటల ప్రస్తావన దాపరికం లేకుండానే ఉంది. ప్రేమించి మంచీచెడూ చెప్పే పెద్దలు లేక పెరగడమే దీనికి కారణమన్నాడు. సరిగ్గా ఆ ఇళ్ళలోనే తల్లులు స్టీరింగు మీద చేతులు ఎక్కడ పెట్టాలో కూర్చోబెట్టి నేర్పుతున్నారు. ఈ రెండు మాటలూ ఒకే వ్యాసంలో ఉన్నాయి కాబట్టి అవి ఎదురెదురుగా నిలబడేలా అనువదించాలి.

జోస్యం తప్పింది. హింసాత్మక నేరాల్లో పిల్లల అరెస్టులు 1994లోనే శిఖరానికి చేరి, ఈ మాట చుట్టూ పుస్తకాలూ ప్రసంగాలూ హోరెత్తుతుండగానే తగ్గుతూ వచ్చాయి. చట్టాలు మాత్రం మిగిలాయి. 1992, 1997 మధ్య 45 రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టులో విచారించడాన్ని సులువు చేశాయి. 1996 జనవరిలో హిల్లరీ క్లింటన్ ఈ మాట వాడి, వాళ్ళని దారికి తేవాలన్నారు. దానికి ఆమె వాడిన ఇంగ్లీషు పలుకుబడి కుక్కని యజమాని కాళ్ళ దగ్గరికి రప్పించడానికి వాడేది. మృగమన్నాక గొలుసు మాట దానంతట అదే వస్తుంది. ఆ మాటలు వాడకుండా ఉండాల్సిందని 2016లో ఒప్పుకున్నారు. తన అంచనా తప్పిందని డియూలియో కూడా ఒప్పుకున్నాడు. 2012లో పిల్లలకి తప్పనిసరి యావజ్జీవ శిక్షల కేసు సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు, ఆ శిక్షలకి వ్యతిరేకంగా వేసిన పత్రం మీద సంతకం పెట్టాడు.

నా సూచన: మొదటిసారి "సూపర్ ప్రిడేటర్లు" అని తెలుగు లిపిలోనే ఉంచి, పక్కనే "వేటమృగాల్లాంటి కుర్రాళ్ళని అర్థం" అని కలపండి. "వేట" పోకూడదు, మనల్ని వేటాడతారన్న భయమే ఆ మాటకి ప్రాణం. ఉల్లేఖన చిహ్నాలు కూడా తీయొద్దు. అవి పోతే డియూలియో మాట మీ మాటవుతుంది. మన పత్రికల్లో "మృగాడు" అలాగే స్థిరపడింది. చిహ్నాల్లోంచి జారి శీర్షికల్లోకి వచ్చేసింది.

ఇంకొకటి, వయసు మాటలు. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండ్‌లో, పార్కులో బొమ్మ తుపాకీ పట్టుకున్న టమీర్ రైస్‌ని కారు ఆగిన రెండు సెకన్లలోపే పోలీసు కాల్చాడు. అత్యవసర నంబరుకి ఫోను చేసినాయన అది బహుశా ఉత్తుత్తి తుపాకీ అనీ, పిల్లాడై ఉంటాడనీ చెప్పాడు. ఆ రెండు మాటలూ అక్కడికి వెళ్ళిన పోలీసులకి చేరలేదు. కాల్చాక పోలీసు రేడియోలో వెళ్ళిన మాట, నల్లజాతి మగవాడు, ఇరవై ఏళ్ళుండొచ్చని. టమీర్‌కి పన్నెండేళ్ళు. "యువకుడు", "కుర్రాడు", "బాలుడు" అని మనం మార్చి మార్చి రాసేస్తాం. ఇక్కడ "బాలుడు" తప్ప ఇంకేదీ రాయకండి.

బాపట్ల సభ్యుడు:
"నల్లజాతి" అంటున్నారు. "జాతి" గురించి కూడా ఆలోచించండి. జాతిపితలోనూ అదే, మేలుజాతి గొడ్లలోనూ అదే, "దొంగజాతి"లోనూ అదే. చివరిది ఊరికే తిట్టు కాదు, ఒకప్పుడు చట్టం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్ళని స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అన్న క్రైస్తవ సంస్థకి అప్పగించారు. 1924 చట్టం ప్రకారం ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేయొచ్చు. 1952 నాటికి దేశమంతటా రద్దయింది, కానీ ఊరి పేరు చెబితే ఉద్యోగం, అద్దె ఇల్లు దొరకని రోజులు తర్వాత కూడా నడిచాయి. ఆ పిల్లలకి ఇంట్లో చెప్పే జాగ్రత్తల్లో ఊరి పేరు ఎక్కడ చెప్పాలి, ఎక్కడ చెప్పకూడదు అన్నది కూడా ఒకటి. తెలుగు పాఠకుడికి "టాక్" అర్థం కావాలంటే ఈ ఒక్క పోలిక చాలు. అయితే వ్యాసంలో చొప్పించకండి, మీ ముందుమాటలో రాయండి.

డాలస్ సభ్యురాలు:
"నల్లజాతి పిల్లలు", "నల్లజాతి తల్లిదండ్రులు" రాయండి, ఒప్పుకుంటాను. "నల్లోళ్ళు" మాత్రం వద్దు. ఇక్కడ తెలుగిళ్ళల్లో ఆ మాట ఎక్కువగా వినపడేది పైన చెప్పిన "తో"తోనే: "నల్లోళ్ళతో జాగ్రత్త". అదే ఇంట్లో పిల్లాడికి కారు తాళాలిస్తూ స్టీరింగు జాగ్రత్తలూ చెబుతారు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన కొడుకు ఇంటి దగ్గరే నడుస్తుంటే, సన్నగా ఉన్న నల్లజాతి మనిషి తిరుగుతున్నాడని ఒకరు పోలీసులకి ఫోను చేశారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, వెన్నుకి దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ సరిగా ఆడలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. "వాళ్ళతో జాగ్రత్త" అని నేర్చుకున్న చూపు ఆయన్నీ ఆ "వాళ్ళ"లోనే కలిపేసింది.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక "జాగ్రత్తలు" అని పెడుతున్నాను. మొదటి వాక్యం ఇలా కుదిరింది: "కొడుక్కి పదహారేళ్ళు రాగానే కారు తాళాలతో పాటు జాగ్రత్తలూ చెప్పాలి, అమెరికాలో నల్లజాతి ఇళ్ళలో దీన్ని 'ది టాక్' అంటారు." తల్లి మాట దగ్గర "పైలం కొడుకా" ఉంచాను. "సూపర్ ప్రిడేటర్లు" ఉల్లేఖన చిహ్నాల్లోనే ఉంది. టమీర్ పేరు వచ్చిన నాలుగు చోట్లా "యువకుడు" కొట్టేసి "బాలుడు" రాశాను.